షటాక్వా సభలు – యంత్రము కూర్చినది, యంత్రము చెదరగొట్టినది

యంత్రము మనుష్యుని బాగుచేసినదా, చెరచినదా యను ప్రశ్న నేటి సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఎడ్లబండి దిగి బస్సు నెక్కిన నాడును, నాగలి విడిచి ట్రాక్టరు పట్టిన నాడును రచ్చబండకడ ఈ తర్కమే జరిగినది. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొను ఈ శుభసమయమున, ఆ ప్రశ్నకు సంబంధించిన ఒక చరిత్రను పాఠక మహాశయుల ముందుంచ దలచితిని. ఇది అమెరికా దేశమున ఒక సరస్సు ఒడ్డున మొదలైన కథ. అయినను చదువుకొనుటకై పదిమంది ఒకచోట చేరిన వారి కథ గనుక మనకు పరాయిది కాదు.

చెట్లనీడను కూర్చుండి మంచిమాట వినుట మనకు క్రొత్త గాదు. నైమిశారణ్యమున శౌనకాది మహామునులు ద్వాదశవార్షిక సత్రము చేయుచుండగా సూతుడు వచ్చి భారతకథ చెప్పెనని మన మెరుగుదుము. ఆ సభలో చెప్పినవాడెంత ముఖ్యుడో అడిగినవారును అంత ముఖ్యులు. మునులు అడుగగా సూతుడు చెప్పెను. సందేహము పుట్టినపుడు మరల అడిగిరి. ఈ సంగతిని గుర్తుంచుకొన ప్రార్థన. మున్ముందు దీనితో పని కలదు.

న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొసను షటాక్వా యను సరస్సు కలదు. 1874 ఆగస్టు నెలలో దాని ఒడ్డున, చెట్లతోపులో, ఆదివారపు బడుల ఉపాధ్యాయులకై రెండు వారముల సభ జరిగెను. దానిని నెలకొల్పినవారు ఇరువురు. ఒకరు జాన్ హైల్ విన్సెంట్ అను మెథడిస్టు మతబోధకుడు. రెండవవారు ఒహైయో రాష్ట్రమందలి ఆక్రన్ పట్టణవాసి లూయిస్ మిల్లర్. ఈ మిల్లరు గారు గడ్డిని, పైరును కోయు యంత్రములను మెరుగుపరచి, తయారుచేయించి అమ్మినవారు. ఆ యంత్రములు దిగిన పొలములలో కొడవలి పని తగ్గెను. కూలిచేతులకు పని తగ్గించిన యంత్రములను చేసినవాడే, తీరిక దొరకిన మనుష్యులు చదువుకొనుటకు చోటును కూడ చూపెను. ఈ రెంటిని కలిపి చూడవలెను.

అచటికి వచ్చినవారు ఆలుబిడ్డలతో వచ్చి గుడారములలో దిగిరి. ఒడ్డున పాలస్తీనా దేశపు కొండలను, నదులను, ఊళ్లను మట్టితో తీర్చిన నమూనా నొకటి ఏర్పరచిరి. సరస్సే అందులో మధ్యధరా సముద్రము. పిల్లలు దానిపై తిరుగుచు దేశభూగోళమును నేర్చుకొనిరి. క్రమముగా మతబోధకు తోడు చరిత్ర, ప్రకృతిశాస్త్రము, సంగీతము, రాజకీయము ఆ తోపులోనికి వచ్చి చేరెను.

1878లో విన్సెంటు గారు సాహిత్య విజ్ఞాన మండలి యను పేర ఇంటివద్దనే నాలుగేండ్లు చదువు ప్రణాళిక నొకటి ప్రారంభించిరి. కళాశాల ముఖము చూడని రైతులు, దుకాణదారులు, గృహిణులు నిర్ణీతమైన గ్రంథములను తెప్పించుకొని చదివి, తమ ఊళ్లలో చిన్న కూటములుగా ఏర్పడి వానిని గూర్చి ముచ్చటించుకొనిరి. మొదటి యేడే 8,000 మందికి పైగా చేరిరి. మన గ్రంథాలయ చందాదారులకు వీరు అన్నదమ్ములును, అక్కచెల్లెండ్రును అనదగినవారు.

ఇక రెండవ ఘట్టము. 1904లో కీత్ వాటర్ అను నాతడు ఈ సభను గుడారముతో సహా రైలుపై ఊరూరికి త్రిప్పు పద్ధతి నారంభించెను. సరస్సుకడకు పోలేని పల్లెవాసులకు సభయే నడచి వచ్చెను. కొన్ని దినములపాటు ఉపన్యాసములు, పాటలు, నాటకములు, పిల్లలకు ఆటలు. విలియం జెన్నింగ్స్ బ్రయన్ వంటి మహావక్త మాటాడినపుడు, మైకు లేని ఆ దినములలో, జనము నిశ్శబ్దముగా విని, ఇండ్లకు పోవు దారిలో వాదించుకొనెడివారు. ఇటువంటి సభ తమ ఊరికి రావలెనన్న ఊరిపెద్దలు ముందుగా ఒడంబడిక పత్రముపై సంతకములు చేయవలెను. టిక్కెట్ల వసూలు నిర్ణయించిన మొత్తమునకు తగ్గినచో ఆ లోటును వారే భరించవలెను. లెక్కల నడుమ జీవితము గడపిన నాకు ఈ పత్రముల సంగతి మిక్కిలి గొప్పగా తోచినది. పొలము కొనుటకు పూచీపడువారిని చూచితిని. తమ ఊరివారు నాలుగు మంచిమాటలు వినుటకై పూచీపడినవారిని గూర్చి చదివినది ఇక్కడనే. లోటు కట్టి విసిగినవారును వారిలో కలరు.

రైలుయంత్రము పెంచిన ఈ సభను ఇతర యంత్రములు పలుచన చేసెను. 1908లో వచ్చిన ఫోర్డు వారి మోడల్ టీ మోటారుకారు 1927 నాటికి కోటిన్నర తయారయ్యెను. కారున్నవాడు వినోదమునకై పట్టణమునకు పోగలడు. 1920 నవంబరులో పిట్స్‌బర్గు పట్టణమున కె.డి.కె.ఎ. రేడియో కేంద్రము ప్రసారములు మొదలుపెట్టెను. సినిమాబొమ్మ 1927లో మాటలు కూడ నేర్చెను. ఇందులో ఒక విచిత్రము కలదు. మిల్లరు గారి కుమార్తె మీనాను 1886లో వివాహమాడినవాడు థామస్ ఆల్వా ఎడిసన్. కదలెడి బొమ్మల యంత్రము రూపుదాల్చిన చోట్లలో ఎడిసన్ ప్రయోగశాల ముఖ్యమైనది. మామగారు కూర్చిన సభకు అల్లునివారి యంత్రమే పోటీ వచ్చెను. 1929లో మొదలైన ఆర్థికమాంద్యముతో పూచీపడువారును కరవైరి. 1930ల ఆరంభమునకు ఊరూరు తిరుగు గుడారములు దాదాపు మడతపడెను. సరస్సు ఒడ్డున గల మూలసంస్థయు 1933లో అప్పులపాలై, విరాళములతో 1936 నాటికి తేరుకొనెను. నేటికిని అచట ప్రతి వేసవిలో తొమ్మిది వారములు సభలు జరుగుచున్నవి.

ఇచట జమాఖర్చు సరిచూడవలెను. రేడియో వలన జమ గొప్పది. మంచము దిగలేని ముసలివానికి, చంటిబిడ్డ తల్లికి, గుడారమునకు టిక్కెట్టు కొనలేని పేదకు సంగీతమును, వార్తలును ఇంటికే వచ్చెను. దీనిని కాదనుట న్యాయము కాదు. ఖర్చు పద్దు వేరొకచోట కలదు. గుడారములో ప్రక్కనున్నవాడు 'అట్లు కాదు' అనగలడు. మనము వానికి బదులు చెప్పవలెను, వాని మొగము చూడవలెను, మరునాడు వానితోనే బేరసారములు నడుపవలెను. రేడియోతో ఎవ్వరును వాదింపజాలరు. సూతుడు మిగిలెను, శౌనకుడు లేచిపోయెను.

అట్లయిన యంత్రమును ఊరిలోనికి రానీయరాదా? దీనికి మన దేశముననే ఒక సమాధానము దొరకినది. 1956లో ఆకాశవాణివారు యునెస్కో సాయముతో పూనా కేంద్రము నుండి, 5 జిల్లాలలోని సుమారు 150 గ్రామములకు, వ్యవసాయము మొదలగు విషయములపై వారమునకు రెండేసి చొప్పున 20 ప్రసారములు చేసిరి. ప్రతి గ్రామమున ఇంచుమించు ఇరువదిమంది రేడియో చుట్టు కూర్చుండి విని, పిదప తమలో తాము చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపిరి. జవాబులు మరల రేడియోలో వచ్చెను. పాల్ న్యూరాత్ అను శాస్త్రజ్ఞుడు ఈ గ్రామములను, రేడియో ఉండి చర్చామండలి లేని గ్రామములతోను, రేడియోయే లేని గ్రామములతోను పోల్చి చూచెను. చర్చించిన గ్రామములలో తెలివిడి స్పష్టముగా పెరిగెను. రేడియో ఉండియు చర్చ లేని గ్రామములలో చెప్పుకొనదగిన పెరుగుదల కానరాలేదు. యంత్రమొక్కటే, ధ్వనియొక్కటే, చుట్టు కూర్చుండి అడిగినవారి వలన ఫలము మారెను.

షటాక్వా మొదలైన సరిగా నూరేండ్లకు, 1974లో, రాబర్ట్ పిర్సిగ్ అను అమెరికా రచయిత తన కుమారునితో మోటారుసైకిలుపై చేసిన యాత్ర నాధారముగా ఒక గ్రంథము ప్రకటించెను. యంత్రమును ద్వేషించుచునే దానిపై తిరుగువారిని గూర్చి, దానిని శ్రద్ధతో చూచుకొనువారిని గూర్చి అందు దీర్ఘముగా విచారించి, ఆ విచారణకు షటాక్వా యనియే పేరు పెట్టెను. గుడారములు పోయినను ఆ పేరు యంత్రమును గూర్చిన తర్కమునకే మరల పనికివచ్చుట గమనింపదగినది.

పాఠకులారా! నేడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క సూతుడున్నాడు. చెప్పుట ఎడతెగక సాగుచున్నది, కలసి అడుగుట తగ్గినది. పుస్తకము కూడ ఒంటరిగా చదివి మూసివేసిన ఆ కోవలోనిదే యగును. కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక మనవి. మాసమున కొక పున్నమినాడు మన గ్రంథాలయపు ఆవరణలో చాపలు పరచి, స్త్రీలు, పురుషులు, పిల్లలు ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఒక విషయము చదివించి, దానిపై మాటాడు ఏర్పాటు చేయవలెను. మొదటి విషయము ఈ సెల్‌ఫోనే కావచ్చును. దానిని తెచ్చినవారిని తిట్టవద్దు, తేనివారిని నవ్వవద్దు. ఏ ఇంట ఏమి జమ, ఏమి ఖర్చు అని పిల్లల చేత కూడ చెప్పించి, పలకపై వ్రాసి కూడుదము. దీపమునకు, చాపలకు అగు వ్యయమునకు లోటు వచ్చినచో పూచీపత్రముపై మొదటి సంతకము నాది.