బంగారు గనుల సీమలో ఉక్కు పాళీ

బంగారం గురించి కోలారు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా కేజీఎఫ్ గనులిచ్చిన బంగారం 800 టన్నుల పైమాటే. అలాంటి జిల్లాలో, టమకలోని వైద్య కళాశాలలో చేరిన పిల్లాడికి మొదటి ఇంకు పెన్ను కొనబోతే “కొంటే బంగారు పాళీదే కొనాలి” అని ఇంట్లో పెద్దాయన అన్నా ఆశ్చర్యం లేదు. పెన్నుల చరిత్ర మాత్రం ఆయన పక్షాన నిలబడదు. పాళీకి బంగారం వాడింది ముఖ్యంగా దర్జా కోసం కాదు, సిరాలోని ఆమ్లానికి భయపడి. ఆ భయం తీరిపోయి చాలా కాలమైంది కనుక, మొదటి పెన్ను ఉక్కు పాళీదే కావడం న్యాయం.

మన దగ్గర కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచేవాళ్లు. ఐరోపా వాళ్లు కరక్కాయ బదులు ఓక్ చెట్టు మీది బుడిపెలు వాడేవాళ్లు. రసాయనం మాత్రం రెండు చోట్లా ఒకటే: వగరు పదార్థం ఇనుప లవణంతో కలిసి, గాలి తగలగానే నల్లబడి కాగితాన్ని పట్టేస్తుంది. దానిలోని ఆమ్లమే ఉక్కును తినేసేది. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ముంచి రాసే పాళీలు తుప్పు పట్టినా ఎవరూ బాధపడలేదు. చౌక సరుకు, తీసి పారేసి ఇంకొకటి గుచ్చుకునేవాళ్లు. 1884లో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న ఇంకు పెన్నులాంటి వాటితో చిక్కొచ్చింది. వాటిలో పాళీ రాత్రింబవళ్లు సిరా తడిలోనే ఉంటుంది. తుప్పు పట్టని ఉక్కును షెఫీల్డ్‌లో బ్రియర్లీ తయారు చేసింది 1913లో. అందాకా బంగారమే దిక్కు. అదీ మేలిమి బంగారం కాదు, 14 క్యారెట్లది. పాళీ మీద 585 అని కనిపించే ముద్ర అర్థం అదే. (1963లో అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 14 క్యారెట్లకు మించి నగలు చేయొద్దంటే దేశమంతా గగ్గోలు పెట్టింది, పాళీల లోకం ఎన్నడో దానితో సర్దుకుపోయింది.) ఆ బంగారం కూడా కాగితం మీద అరిగిపోతుంది కాబట్టి, కొసన ఇరిడియం, ఆస్మియం జాతి గట్టి లోహపు పూస అతికిస్తారు. అంటే బంగారు పాళీ పెన్నులోనూ కాగితాన్ని తాకేది బంగారం కాదు.

బంగారు పాళీ మెత్తగా సాగుతుంది కదా అంటారు. కొన్ని సాగుతాయి, నిజమే. కానీ ఆ సాగుడుకు లోహంతో పాటు పాళీ రేకు మందం, చీలిక పొడవు కూడా కారణం. నున్నదనం కొస పూసను సానపట్టడం మీద ఆధారపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బంగారం మీద ఆంక్షలు పడ్డప్పుడు జర్మనీలో పెలికన్ లాంటి కంపెనీలు ఉక్కు పాళీలు బిగించాయి, జనం వాటితోనే రాసుకున్నారు. పైగా మన లిపికి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం కావాల్సిన పని లేదు. కావాల్సింది సన్నని, సమమైన గీత. లావు పాళీతో “స్త్ర” రాసి చూడండి, వత్తులు పూడుకుపోతాయి. చవక నోటుపుస్తకం కాగితం మీద సిరా పాకితే చెప్పే పనే లేదు. అందుకే ఫైన్ పాళీ అడగాలి. జపాన్ ఫైన్ ఐరోపా ఫైన్ కంటే సన్నమన్నది గుర్తుంచుకోవాలి.

మరి రాజమండ్రి రత్నం పెన్ను సంగతేమిటని తెలుగువాడు అడగక మానడు. స్వదేశీ పిలుపు అందుకుని కోసూరి వెంకటరత్నం 1930ల్లో మొదలుపెట్టిన ఆ పెన్ను, గాంధేయవాది కుమారప్ప చేతుల మీదుగా గాంధీకి చేరింది. విదేశీ పెన్నులకు బదులుగా పనికొస్తుందని 1935లో ఆయన జాబు రాశారు. ఆ మెప్పు పాళీ లోహానికి కాదు. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, మళ్లీ విప్పి బాగుచేయగలిగే వస్తువును మనవాళ్లే మనూళ్లో చేయడం దానిలోని ఘనత. నేటికీ అక్కడ ఉక్కు పాళీ పెన్నులు దొరుకుతాయి. అయితే గొట్టంలోకి నేరుగా సిరా పోసుకునే పెన్నులు, సిరా అడుగంటాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, బొట్టు కక్కుతాయి. పరీక్ష హాల్లో అది చిన్న కష్టం కాదు. సిరా సగానికి దిగకముందే నింపుకోవచ్చు. అంత ఓపిక లేనివాళ్లు కన్వర్టర్ (సిరా పీల్చుకునే విడి గొట్టం) ఉన్న పెన్ను తీసుకోవడం మేలు.

దుకాణంలో చూడాల్సింది పాళీనే. వెలుతురుకేసి పట్టుకుంటే చీలిక కొసదాకా సన్నగా, తిన్నగా కనబడాలి. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక రెక్క పైకి లేచి ఉంటే ఒక దిక్కుకు గీసినప్పుడు గీరుతుంది, ఇంకో దిక్కుకు నున్నగా పోతుంది. సున్నాలు చుట్టి చూస్తే తెలిసిపోతుంది. పాళీ, దాని కింది నల్లని నాలుక ఊడివచ్చి కడుక్కోవడానికి వీలుండాలి. సిరాకు బెంగళూరు బ్రిల్ మామూలు నీలం చాలు. బొమ్మలేసే ఇండియన్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పోయకూడదు. అందులోని లక్క లోపలే ఎండిపోయి, ఉక్కు పాళీనీ బంగారు పాళీనీ ఒకేలా మూసేస్తుంది.