చిలుముసంచి

జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు గల గుడ్డసంచి యొకటి నా బల్లమీద నున్నది. ఒకప్పుడు దాని రంగు ఎఱుపు. ఇప్పుడు పాత మిరపపండు తొక్కవలె వెలిసి, మడతలయందు మాత్రమే పూర్వవర్ణమును దాచుకొన్నది. మూతిలో ఎదురెదురుగా దూర్చిన నూలుత్రాళ్లను రెండు ప్రక్కలకును లాగినచో సంచి మూసికొనును. త్రాళ్ల కొసలకు రెండేసి గవ్వలు. లోపల నిలువుగా ఒక అడ్డుకుట్టు గలదు: ఒక అరలో చిలుము, రెండవదానిలో పొగాకు. వెలుపల బొటనవ్రేలు పట్టునంతటి చిన్న అర చెకుముకిరాతికిని ఉక్కుముక్కకును దూదికిని ఉద్దేశింపబడినది. అది యిప్పుడు వట్టిది. అడుగున ఒక మూల అర్ధరూపాయంత బెజ్జము కాలి, దానిపై నీలిగుడ్డ మాటు వేయబడి, ఆ మాటు చుట్టును ఎనిమిది రేకుల పువ్వు కుట్టబడియున్నది. చిలుము చల్లారకముందే దానిని సంచిలో దోపిన మగవాని తొందరపాటుపై ఇల్లాలు పలికిన మాట లెట్టివో తెలియదు గాని, ఆమె సూది మాత్రము పువ్వునే పలికినది.

అనంతపురపు మెట్టసీమలో వయస్సున సంచి పెద్దది, పొగాకు చిన్నది. తాంబూలపు తిత్తికి తెలుగున అడపమని పాతపేరు. ప్రభువుల వెంట దానిని మోయు కొలువు సామాన్యమైనది కాదు. కృష్ణరాయలు రాయచూరుపై దండు నడపినప్పటి సేనానులలో అడపనాయకు డొకడు గలడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసినాడు. కొలువుకూటములలోని అడపమే పల్లెలలో ముతకగుడ్డ వక్కాకుతిత్తియై, సున్నపుకాయతోను అడకత్తెరతోను బరువెక్కి, నేటికిని అవ్వల నడుములను వ్రేలాడుచున్నది. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున అచ్యుతరాయల కాలపు చిత్రకారులు కుళ్లాయిలు పెట్టిన దొరలను, రకరకముల అంచుచీరలు కట్టిన దొరసానులను ఎంతో శ్రద్ధతో తీర్చిరి. వారిలో తమలపాకు రుచి యెరుగనివారు అరుదు గాని పొగాకు వాసన యెరిగినవా రొక్కరును లేరు.

పొగాకు పోర్చుగీసుల ఓడలలో పడమటితీరమున దిగి, దక్కను సుల్తానుల కొలువులలో పాదుకొన్నది. అక్బరు పంపగా బిజాపురమునకు వచ్చిన అసద్ బేగ్ దానిని చూచి ముచ్చటపడి, 1604 ప్రాంతమున రత్నములు పొదిగిన గొట్టముతో సహా కొనిపోయి పాదుషా యెదుట నుంచెను. వైద్యుడు వలదనుచుండగనే పాదుషా రెండుమూడు దమ్ములు లాగెను. 1617లో జహంగీరు దానిని నిషేధించెను గాని ఆ నిషేధము పొగవలెనే తేలిపోయినది. బిజాపురమునుండి ఆగ్రాకంటె గుత్తి చాల దగ్గర గదా. అటు రత్నపుగొట్టమై పోయిన వస్తువు ఇటు మట్టిచిలుమై వచ్చినది.

చిలుము ఉపకరణములలో కడు బీదది. కుమ్మరి కాల్చిన గరాటువంటి మట్టిగొట్టము, పొగాకు జారకుండ లోపల ఒక గులకరాయి, దానిపై అరచేత నలిపిన పొగాకు, ఆపైన నిప్పుకణిక. క్రిందిమొనకు తడిగుడ్డ చుట్టి పిడికిట బిగించి పీల్చవలెను. చేయి జారినచో చిలుము పగులును. తడిగుడ్డ తగిలినచో పొగాకు బూజుపట్టును. దూది చెమ్మగిల్లినచో చెకుముకి ఎంత కొట్టినను రవ్వ అంటుకొనదు. పొడిని తడినుండి వేరుచేయు ఆ అడ్డుకుట్టు, వెలుపలి చిన్న అర, బిగియు మూతి, ఇవన్నియు అలంకారమునకై పుట్టినవి కావు. అలంకారము వాటిమీద పిమ్మట పూచినది.

ఇట్టి సంచులు కుట్టుటలో సుగాలీలది అందెవేసిన చేయి. లంబాడీలని, బంజారాలని పేరొందిన వీరు ఉప్పును ధాన్యమును పెరికెద్దులపై మోయుచు దక్కనెల్ల తిరిగినవారు. సేవాలాల్ మహరాజు జన్మస్థానమని ఇచ్చటివారు కొలుచు సేవాగఢ్ గుత్తి చెంతనే యున్నది. 1791–92లో టిప్పుపై నడచిన కారన్‌వాలీసు సేనలకు గింజలు చేరవేసినవి వీరి యెడ్లమందలే. ఏడాదిలో పెక్కునెలలు బాటమీదనే గడపువారికి ఇల్లనగా మూపున, నడుమున, ఎద్దువీపున పట్టినంతయే. అట్టి ఇంట ప్రతివస్తువునకును ఒక సంచి వలయును. ఉప్పునకు గోనె, గింజకు కంటలము, నాణెములకు జాలె, వక్కాకునకును చిలుమునకును కోతళి. మజిలీలో ఎడ్లకు మేత వేసి రొట్టెలు కాల్చిన పిమ్మట ఆడువారు సూది పట్టుచుండిరి. పెండ్లికెదిగిన పిల్లలు అత్తవారింటికి కొనిపోవలసిన సంచులను ముందుగనే కుట్టి దాచుకొనుచుండిరి. ముతకగుడ్డపై ముందుగా ముగ్గు గీయక, పోగులు లెక్కించుచు ఎఱ్ఱ, పసుపు, నీలి దారములతో గళ్లు నింపి, నడుమ అద్దపుబిళ్ల నిలిపి, అంచున గవ్వలు వ్రేలగట్టుదురు. గవ్వ వీపు నరగదీసి తొలిచిన బెజ్జములో దారము రెండుమార్లు తిప్పి బిగించినచో, గుడ్డ చినుగవలసినదే గాని గవ్వ రాలదు.

1871లో మద్రాసునుండి వచ్చిన రైలుదారి బొంబాయి దారితో రాయచూరున కలిసెను. ఉప్పుబస్తాలు బండ్లలో వచ్చి స్టేషన్లలో దిగసాగినవి. పెరికెద్దుకు పని పోయినది. 1911లో నేరస్థజాతుల చట్టము మద్రాసు రాజధానికి విస్తరించి, తిరుగుటయే బ్రతుకైనవారికి తిరుగుటయే నేరమాయెను. ఆ చట్టము మద్రాసున 1947 వఱకు పోలేదు. తండాలు ఒకచోట స్థిరపడినవి. సూది మాత్రము ఆగలేదు.

ఈ విద్య సుగాలీల సొత్తు మాత్రమే యనుట పొరపాటు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొన్న జిల్లాలో, అదియు మొగము చాటు చేసిన యేడు, విత్తనపు గంప అటకమీదనే యుండి ఆరుద్ర పోయి పునర్వసు పోయి పుష్యమియు పోవుచుండగా, కాపుటిండ్ల ఆడువారు బొంత కుట్టగా మిగిలిన పేలికలతో ఇట్టివే కుట్టుచుండిరి. పువ్వులు తక్కువ, మాట్లు ఎక్కువ. ఎవరికిని ఇది కులవృత్తి కాదు. ఏ సంతలోను దీనికి బేరము లేదు. 1800లో దత్తమండలములు కంపెనీ చేతికి వచ్చిన పిమ్మట మన్రోదొరవారి కచ్చేరీలు మొహతర్ఫా పేరిట మగ్గమును, అంగడిని లెక్కించి పన్ను వ్రాసినవి. అరుగుమీద చిలుముసంచి కుట్టు ఇల్లాలికి పన్ను లేదు గనుక ఆ కాగితములలో చోటును లేదు. చరిత్ర వ్రాయువానికి ఇది ఇబ్బందియే. ఆమెకు మాత్రము మేలు.

సంచిని చంపినవి మూడు: అగ్గిపెట్టె, బీడీకట్ట, చొక్కాజేబు. శివకాశిలో 1923 తరువాత పెరిగిన పరిశ్రమ చెకుముకిని మూలబెట్టినది. బీడీకి గులకరాయియు తడిగుడ్డయు అక్కరలేదు. జేబు వచ్చిన పిమ్మట నడుమున తిత్తి మోటుతనమనిపించుకొన్నది.

సరిహద్దుకవతల బళ్ళారి జిల్లా సండూరులో 1984లో నెలకొన్న కుశలకళాకేంద్రము వలన లంబాణీ స్త్రీల కుట్టునకు కూలి గిట్టినది. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపును లభించినది. మంచిదే. కాని నేను వెదకుచున్నది కూలి లేని కుట్టు. అది గుత్తి దాపున ఒక తండాలో, వేపచెట్టు నీడను కనబడినది. ముసలామె ఒకతె ఎఱ్ఱగుడ్డపై గళ్లు నింపుచుండెను. అదే కొలత, అదే అడ్డుకుట్టు. ఏమిటని యడిగితిని.

“మనవడి సెల్లుకు నాయనా. ఒక అర సెల్లుకు, ఇంకోటి చార్జరు వైరుకు.”

పిమ్మట ఇంటిలోనికి పోయి, ఇప్పుడు నా బల్లమీదనున్న సంచిని తెచ్చి చూపెను.

“ఇది ఎవరు కుట్టింది అవ్వా?”

“మా అత్త కుట్టిండేది.”

“ఎన్ని దినాలు పట్టింటుంది?”

“దినాలు ఎవరు లెక్క పెట్టినారు? పొద్దు పోక కుట్టిండేది.”

వెల యడుగగా నవ్వెను. “చిలుము తాగేటోడే లేడు, తిత్తికి దుడ్డెందుకు? తీస్కోని పో.”

ఇచ్చుటకు ముందు సంచిని తిరుగవేసి నేలపై తట్టినది. పిడికెడైనను లేని నల్లని నుసి రాలినది; దానితోపాటు వెలుపలి అరలోని చెకుముకిరాయియు పడినది. నుసిని కాలితో చెరిపి, రాతిని మాత్రము తీసి, రవికెలో దాచుకొని, సంచిని నా చేతిలో పెట్టినది.