కమాను నుంచి కాయిలోవర్ దాకా: సిరిసిల్ల బండ్లబాటల్లో కుదుపు, కొలత, పరిభాష

వాహనాల చరిత్ర అనగానే మన దృష్టి ఇంజను మీదికి, లేదా రోడ్డు మీదికి పోతుంది. ఆ రెండింటి నడుమ, చక్రానికీ చట్రానికీ మధ్య జానెడు జాగా ఒకటి ఉంది. రాతినేల మీద బండి నిలుస్తుందా, బోల్తా పడుతుందా, లోపలి మనిషి నడుము నిలుస్తుందా అన్నది ఆ జాగాలోనే తేలుతుంది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఆ జాగాను నింపిన వస్తువులు కాలక్రమంలో ఎలా మారాయో, ఆ మార్పుతో పాటు కొలిచే పద్ధతి, పిలిచే మాట ఎలా మారాయో (మాట విషయంలో ఎందుకు మారలేదో) పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా ప్రతిపాదన ఒకటే. బరువును మోయడం వేరు, ఊగును అణచడం వేరు. కమాను ఈ రెండు పనులనూ కలిపి చేసింది. కాయిలోవర్ వాటిని విడదీసి, ఒకే ఇరుసు రేఖ మీద మళ్లీ పక్కపక్కన నిలిపింది. మన కార్ఖానా భాష మాత్రం రెండింటినీ నేటికీ ‘షాకబ్జర్’ అనే ఒక్క మాటలోనే ఉంచింది. వస్తువును ఎంచుకోవడంలో, కొలవడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట నీడలోనే పుడుతున్నాయి.

బండి, కచ్చురం

మానేరు ఇసుక, ఒర్రెలు, చెరువు కట్టలు, గుట్టల అంచున రాళ్లు తేలిన బాటలు ఈ ప్రాంతపు నేల స్వభావం. ఎడ్లబండిలో చక్రానికీ పైచట్రానికీ మధ్య స్ప్రింగు అన్నదే లేదు. ఇరుసు నేరుగా చట్రాన్ని మోస్తుంది. అయినా ఆ బండి కుదుపును అసలు పట్టించుకోలేదనడం సరికాదు. పెద్ద చక్రం చిన్న గుంతలో చిన్న చక్రం దిగినంత లోతుకు దిగదు. నేటి ఆఫ్‌రోడ్ వాహనాలకు పెద్ద టైర్లు తొడగడంలో ఉన్న సూత్రం కూడా ఇదే. ఇక మనుషులు ఎక్కే కచ్చురంలో గడ్డి పరిచి, పైన బొంత వేసేవారు. గడ్డి నలిగి, పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని కుదుపు శక్తిని మింగుతాయి. అయితే అవి తిరిగి పైకి తన్నవు. అంటే స్ప్రింగు రాకముందే అణచివేత వచ్చింది. 20వ శతాబ్దంలో వచ్చిన టైరు బండి దీనికి తలకిందులు. గాలి టైరు మంచి స్ప్రింగే గాని ఊగును అణచే గుణం దానికి తక్కువ. ఖాళీ టైరు బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడటానికి కారణం అదే.

కమాను

‘కమాన్’ పారసీక పదం. విల్లు అని అర్థం. తెలంగాణలో ఈ మాటకు రెండు జీవితాలున్నాయి. ఒకటి వాస్తువుది: హైదరాబాదు చార్ కమాన్, కరీంనగర్ నడిబొడ్డున ఉన్న కమాన్. రెండోది బండిది: ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. ఇంగ్లీషు దీనిని ఆకుతో పోల్చింది. తెలుగులో బండి చక్రపు కర్రలను అప్పటికే ‘ఆకులు’ అంటున్నాం కనుక కాబోలు, ఇక్కడ అది ‘పట్టీ’ అయింది. ఈ ఊహను భాషాశాస్త్ర మిత్రులు పరీక్షించవచ్చు.

19వ శతాబ్ది తొలి దశాబ్దంలో లండన్‌లో ఒబడయా ఎలియట్ గుర్రపు బండ్లకు దీర్ఘవృత్తాకారపు పట్టీ స్ప్రింగులకు పేటెంటు పొందాడు. నైజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ ఆధ్వర్యంలో 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. సిరిసిల్ల 20వ శతాబ్దమంతా రైలు లేకుండానే గడిపింది. కనుక నూలు రావాలన్నా, బట్ట పోవాలన్నా, వేములవాడకు భక్తులు చేరాలన్నా కమాను మీదనే. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా సంస్థ బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపుకు నాలుగు మూలలా పట్టీ కమానులే ఉండేవి. ఈ ప్రాంతంలో జీపుకు వేరే చరిత్ర కూడా ఉంది. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తరువాత పల్లెల్లో జీపు చప్పుడు అంటే ఏమిటో ఆ తరం కథలు చదివినవారికి చెప్పనక్కరలేదు. బస్సు వెళ్లలేని బండ్లబాటలోకి జీపు వెళ్లగలిగింది. ఆ సామర్థ్యంలో ఇంజనుకు ఎంత వాటా ఉందో కమానుకు అంత వాటా ఉంది.

కమాను గొప్పతనం అది ఒంటిచేత్తో మూడు పనులు చేయడం. బరువును మోస్తుంది. ఇరుసును ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టి ఉంచుతుంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి కనుక ఊగును కొంత అణచుతుంది. మూడో పని నమ్మదగినది కాదు. పట్టీల మధ్య గ్రీజు ఉంటే రాపిడి తగ్గి బండి ఊగుతుంది, తుప్పు పడితే బిగుసుకుని కుదుపుతుంది. అందుకే విల్లీస్ జీపుకు కమానుతో పాటు నూనె నింపిన గొట్టాలు విడిగా అమర్చారు. షేరింగు జీపులకు జనం ఎక్కువైనప్పుడు ‘ఇంకో పట్టీ ఎక్కించడం’ మెకానిక్కుల పరిష్కారం. వారి కొలమానం జాన, బెత్తెడు. టైరుకూ పైరేకుకూ మధ్య ఎంత సందు ఉందో చేయి పెట్టి చూస్తారు. దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు. ఆధునిక గ్రంథాలు చెప్పే తొలి కొలత కూడా అదే: బరువుతో నిలిచిన బండి ఎంత ఎత్తున ఉంది అని. కాని జానెడు కొలతలో మోత తెలుస్తుంది, అణచివేత తెలియదు.

రెండు పనులు విడిపోవడం

సాగు బలానికి అనులోమంగా ఉంటుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించాడు. స్ప్రింగు స్థానానికి స్పందిస్తుంది. ఎంత నొక్కితే అంత ఎదురు బలం. డంపరు స్థానాన్ని పట్టించుకోదు, వేగానికి స్పందిస్తుంది. నూనెలో పిస్టను ఎంత వేగంగా కదిలితే కవాటాల గుండా నూనె అంత గట్టిగా ఎదురు నిలుస్తుంది. నిలిచి ఉన్న బండిని డంపరు మోయలేదు. గ్యాసు ఒత్తిడి ఉన్న రకాలు ఇచ్చే ఎదురు బలం కూడా బండి బరువు ముందు లెక్కలోకి రాదు. డంపరు మింగిన శక్తి వేడిగా మారుతుంది. గతుకుల మీద ఎడతెగక నడిస్తే నూనె వేడెక్కి నురగ కట్టి, అణచే బలం సన్నగిల్లుతుంది. నురగను ఆపడానికే నత్రజనిని ఒత్తిడితో నింపే పద్ధతి వచ్చింది.

ఈ తేడా సిరిసిల్ల మరమగ్గాల దగ్గర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దెబ్బ తిన్న నాడె ఎదుటి పెట్టెలోకి దూసుకుపోతుంది. అక్కడ రాపిడితో దాన్ని పట్టి ఆపే ఏర్పాటు సరిగా లేకపోతే నాడె గోడకు తగిలి వెనక్కు తన్నుతుంది, తరువాతి దెబ్బ తప్పుతుంది. నాడెను పంపే బలం ఒకటి, తిరిగి తన్నకుండా నిలిపే రాపిడి మరొకటి. ఈ రెండింటినీ వేర్వేరుగా సవరించాలని సాంచా జాబరుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

డంపరు గొట్టం చుట్టూ తీగచుట్ట స్ప్రింగును తొడిగితే కాయిలోవర్. పేరు కొత్తదే గాని వస్తువు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మోటారు సైకిలు వెనుక చక్రానికి ఇరువైపులా కనిపించేది ఇదే. అక్కడ మెట్లు మెట్లుగా తిప్పే ఉంగరం స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచుతుంది. బట్టల మూటలు వేసుకునే వ్యాపారి దానిని ఒక మెట్టు తిప్పుతాడు. దానితో బండి ఎత్తు పెరుగుతుంది గాని స్ప్రింగు గట్టిదనం పెరగదు. చాలామంది పెరిగిందనే అనుకుంటారు. జీపు వంశంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. 2010 నాటి థార్‌కు వెనుక పట్టీ కమానులే ఉండేవి. 2020 అక్టోబరులో విడుదలైన థార్‌కు ముందూ వెనుకా డంపరు మీద తీగచుట్ట వచ్చింది. కమాను పోవడంతో ఇరుసును పట్టి ఉంచే పని దిక్కులేనిదైంది కనుక వెనుక ఇరుసుకు విడిగా కడ్డీలు పెట్టవలసి వచ్చింది. కమాను మూడు పనులూ అలా ముగ్గురికి పంపకమయ్యాయి.

కొలత

ఎంపికలో అందరూ మొదట అడిగేది ‘ఎన్ని అంగుళాల షాకబ్జర్?’ అని. ఆ ప్రశ్న మొదటిది కాకూడదు. మొదట తూకం. పనిముట్లు, నిండు ఇంధనం, ఎక్కే మనుషులతో సహా బండిని వేబ్రిడ్జి మీద ముందు చక్రాలతో ఒకసారి, వెనుక చక్రాలతో ఒకసారి నిలిపి తూచాలి. అందులోంచి స్ప్రింగు మోయని బరువును, అంటే చక్రం, బ్రేకు, ఇరుసుల బరువును తీసివేయాలి.

తరువాత కదలిక. స్ప్రింగు విప్పి, జాకీతో ఇరుసును రబ్బరు దిమ్మ నొక్కుకునే వరకు పైకి లేపి, ఆపై పూర్తిగా కిందికి జార్చి, రెండు స్థితుల్లోనూ పై బోల్టు నుంచి కింది బోల్టు మధ్య దూరాన్ని కొలవాలి. ఒక చక్రం పైకి, మరొకటి కిందికి ఉన్నప్పుడు కూడా చూడాలి. రాళ్ల మీద బండి ఎక్కువసేపు ఉండేది ఆ స్థితిలోనే. టైరు ఎక్కడ రాసుకుంటుంది, బ్రేకు గొట్టం ఎక్కడ బిగుస్తుంది అన్నది అప్పుడే బయటపడుతుంది. పైకి వచ్చే ఇరుసును ఆపవలసింది దిమ్మ. డంపరు లోపలి పిస్టను ఆ పని చేయవలసి వస్తే అది ఎక్కువ కాలం బతకదు.

ఇప్పుడు తులాదండం. డంపరు చక్రం దగ్గర కాక లోపలికి జరిపి బిగిస్తే చక్రం 4 అంగుళాలు కదిలినప్పుడు డంపరు 3 అంగుళాలే కదలవచ్చు. దీనిని చలన నిష్పత్తి అందాం. ఇక్కడ అది 0.75. ఏతం తొక్కినవారికి ఈ లెక్క ఒంటికి తెలిసినదే: దూరం తగ్గిన చోట బలం పెరుగుతుంది. ఒక మూల మీద స్ప్రింగు మోయవలసిన బరువు 300 కిలోలు అనుకుందాం. స్ప్రింగు మీద పడేది 300 కాదు, 300ని 0.75తో భాగించగా వచ్చే 400 కిలోలు. డంపరు మొత్తం కదలిక 25 సెంటీమీటర్లు. నిలిచిన బండిలో 10 సెంటీమీటర్లు నొక్కుకుని ఉండాలి, పైకి రావడానికి 15 మిగలాలి. ముందస్తు నొక్కుడు లేదనుకుంటే కావలసిన స్ప్రింగు సెంటీమీటరుకు 40 కిలోలది. నిష్పత్తిని మరచి 300ని 10తో భాగించి 30 కిలోల స్ప్రింగు కొంటే, బండి 13.3 సెంటీమీటర్లు కుంగుతుంది, మిగిలేది 11.7 మాత్రమే. ప్రతి పెద్ద గుంతలోనూ దిమ్మ మోగుతుంది. యజమాని ‘షాకబ్జర్ మెత్తగా ఉంది’ అంటాడు. మెకానిక్ మరింత గట్టి డంపరు తెస్తాడు. జబ్బు స్ప్రింగుది, మందు డంపరుకు!

చక్రం దగ్గర ఆ 40 కిలోల స్ప్రింగు విలువ 0.75ను రెండుసార్లు గుణించగా 22.5 కిలోలు. బలంలో ఒకసారి, దూరంలో ఒకసారి తగ్గడం వల్లనే వర్గం వచ్చింది. ఈ బండి సెకనుకు దాదాపు 1.4 సార్లు ఊగుతుంది. డంపరు ఎంత బలంగా ఉండాలన్న ప్రశ్న ఈ అంకె తెలిసిన తరువాతే అడగవలసినది. తిరుగు కదలికలో డంపరు మరీ గట్టిదైతే, వరుస గతుకుల మీద స్ప్రింగు విచ్చుకునే వ్యవధి దొరకదు. ఒక్కో గతుకుకూ బండి కొంచెం కొంచెం కూర్చుంటూ చివరికి దిమ్మ మీద నిలుస్తుంది.

పాత స్ప్రింగును కొలిచేటప్పుడు టేపు చాలదు, వెర్నియర్ కావాలి. గట్టిదనం తీగ మందపు నాలుగో ఘాతానికి అనుగుణంగా పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 వాడితే, మిగిలినవన్నీ సమానమైనప్పుడు, గట్టిదనం సుమారు 38 శాతం ఎక్కువ. బండిని దించడానికి ఒక చుట్ట కోసేయడం చాలాచోట్ల ఉన్న అలవాటు. పనిచేసే ఎనిమిది చుట్టల్లో ఒకటి పోతే స్ప్రింగు 14 శాతం గట్టిపడుతుంది. దించామనుకుంటారు, గట్టిపరిచారు.

ప్రమాణాల చరిత్ర ఇక్కడ కూడా అడ్డం వస్తుంది. భారతదేశంలో 1958 నుంచి మెట్రిక్ పద్ధతి అమలులోకి వచ్చినా, దిగుమతి స్ప్రింగుల మీద అంకె అంగుళానికి పౌన్లలోనే ఉంటుంది. మన 40 కిలోల లెక్క అక్కడ 224 పౌన్లు. దుకాణంలో అడగవలసింది 225. కార్ఖానాలో మూడో ప్రమాణం కూడా బతికి ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతును ‘సూత్’ అంటారు. ఉర్దూలో ఆ మాటకు నూలుపోగు అనే అర్థం. నేత ఊరిలో ఇనుమును నూలుతో కొలవడం నాకు నచ్చిన సంగతి. 12, 13 మిల్లీమీటర్ల తేడా పట్టుకోవడానికి మాత్రం సూత్ పనికిరాదు. అది మూడు మిల్లీమీటర్లకు పైనే.

ఈ లెక్కలతో పాటు చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. ఎత్తు పెంచాలనుకునేవారు తూకానికి ముందే దానిని చదవడం మంచిది.

మాట

ఇంగ్లీషు పేరే మొదట తప్పుదారి పట్టించింది. గుంత కుదుపును ప్రధానంగా మింగేది స్ప్రింగు. ‘షాకు’ను మింగుతుందని పేరు పడినది డంపరు. తెలుగు ఆ పేరుతో పాటు గందరగోళాన్ని కూడా అరువు తెచ్చుకుంది. మరోవైపు మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ‘అవరుద్ధ డోలనాలు’, ‘బల స్థిరాంకం’ ఉన్నాయి. విషయం అదే, భేదం కచ్చితమే, కాని ఆ మాటలు కార్ఖానా గడప దాటలేదు. డిప్లొమా విద్యార్థి పరీక్షలో అవరోధాన్నీ స్థితిస్థాపకతనూ వేరుచేసి రాస్తాడు. సాయంత్రం కార్ఖానాలో రెండింటినీ షాకబ్జర్ అంటాడు. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడినప్పుడు నాగలి, మగ్గం భాగాలకు దక్కిన గౌరవం గ్యారేజీ మాటలకు కూడా దక్కవలసి ఉంది. ఆ సేకరణ చేసేవారు పదాల పట్టీతో ఆగకుండా, ఏ పనిని ఏ మాటతో పిలుస్తున్నారో కూడా నమోదు చేయాలి. తీగచుట్టకు ‘మోత స్ప్రింగు’, గొట్టానికి ‘ఊగు బిర్ర’ వంటి జంటలను నేను సూచించగలను గాని, మెకానిక్కుల నోట ఇప్పటికే ‘స్ప్రింగు’, ‘గొట్టం’ అనే జంట అక్కడక్కడా వినిపిస్తోంది. మోటారు సైకిలు వెనుక చక్రం దగ్గర నూనె కారినప్పుడు వాళ్లు ‘స్ప్రింగు బాగనే ఉన్నది, గొట్టం పోయింది’ అంటారు.