ఈజిప్టు కాటుకలోని సీసం

ప్రాచీన ఈజిప్టులో స్త్రీలే కాదు, పురుషులు కూడా కళ్లకు రంగులు దిద్దుకొనేవారు. ఆకుపచ్చ రంగుకు మాలకైట్ అనే రాగి ఖనిజాన్ని, నల్లని కాటుకకు గెలీనా అనే సీసపు ఖనిజాన్ని మెత్తగా నూరేవారు. ఇవి కంటికి రక్షణ అని వారి విశ్వాసం. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఎబర్స్ పపైరస్‌లో కంటి వ్యాధులకు చికిత్సలు ఉన్నాయి.

ఆ కాటుకలోని సీసపు లవణాలు అత్యల్ప మోతాదులో చర్మకణాల రక్షణ చర్యను ప్రేరేపించగలవని 2010లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో గమనించారు. అంతమాత్రాన సీసం ఔషధమని భ్రమించకండి. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సురక్షితమైన మోతాదంటూ లేదు.

నేటికీ కొన్ని సుర్మాలలో సీసం ఉంటున్నది. బిడ్డ కన్ను నులుముకొని, ఆ వేలు నోట పెట్టుకుంటే అది కడుపులోకి చేరుతుంది. ప్రకృతి ఇచ్చినదంతా నిరపాయకరం కాదు. పసికందుల కళ్లను సహజంగానే ఉండనివ్వండి.