గడప లోపలికి వెళ్లిన డాక్టరమ్మ



పోయిన నెలలో మన సంఘంలోని ఒక పెద్దమ్మను విజయవాడ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాము. రక్త పరీక్ష, స్కానింగు, ఫైలు, బిల్లు అన్నీ సక్రమంగానే జరిగాయి. నేను తప్పు పట్టేది ఏమీ లేదు. కానీ బందరు రోడ్డు మీద తిరిగి వస్తుంటే ఆమె నాతో అన్నది: "అయ్యగారూ, ఆ డాక్టరు నా మొహం కూడా చూడలేదండీ. మా ఆయన పోయి ఆర్నెల్లు కాలేదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా అని ఒక్క మాట అడగలేదు."

మందు సరైనదే ఇచ్చారు గదమ్మా అన్నాను. ఇచ్చారులెండి అన్నది. ఆ తర్వాత కంకిపాడు వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

ఆమె వెతికింది ఫ్యామిలీ డాక్టరును. అంటే తాత ఆయాసం, కోడలి కానుపు, మనవడి జ్వరం అన్నీ తెలిసిన మనిషిని. పౌలు గారు కొలస్సయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో లూకాను వైద్యుడని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, తనకు ప్రియమైనవాడని కూడా చెప్పాడు. నేను ఎన్నోసార్లు ఆ వచనం చదివి దాటిపోయాను. ఆ పెద్దమ్మ మాట విన్నాక మాత్రం కృష్ణకు అవతలి ఒడ్డున గుంటూరులో పనిచేసిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు జ్ఞాపకం వచ్చారు. మేము బైబిలు చదువు చదివేటప్పుడు సంఘ చరిత్ర పాఠంలో ఆమెకు ఒక పేరా ఇచ్చారు. ఆ పేరాలో ఆసుపత్రి ఉంది, మెడల్ ఉంది. ఆమె ఇళ్లలోకి ఎలా వెళ్లిందో మాత్రం లేదు.

గుంటూరులో లూథరన్ మిషను 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గారితో మొదలైంది. ఆయన మధ్యలో అమెరికా వెళ్లినప్పుడు బాల్టిమోరులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చారు. అంటే ఆ మిషనుకు మొదటి నుంచీ మందుల సంచి ఉంది. మన వైపు బందరులో నోబుల్ దొరగారు 1843లో బడి తెరిచారు. బడికి మగపిల్లలు వచ్చారు, చదువుకున్నారు, కొందరు ప్రభువును నమ్ముకున్నారు. అయితే హయ్యర్ గారైనా నోబుల్ గారైనా మగవాళ్లే గదా. ఇంటి వెనక గదిలో ఉన్న ఆడమనిషి దగ్గరికి వాళ్లు వెళ్లడం కుదిరేది కాదు.

ఆ వెనక గది సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. పురిటి గది అంటే ఇంట్లో వెలుతురు, గాలి అన్నిటికన్నా తక్కువగా ఉన్న గది. పురుడు మైల కాబట్టి పాత గుడ్డలు, పాత చాప. మంత్రసాని చేతి నేర్పు మీద, దేవుడి దయ మీద తల్లీబిడ్డా బతకాలి. మంత్రసానులను నేను తక్కువ చెయ్యను, వాళ్ల చేతుల్లోనే మన వంశాలన్నీ నిలిచాయి. కానీ బిడ్డ అడ్డం తిరిగినా, కానుపైన మూడో రోజు తల్లికి చలిజ్వరం వచ్చినా వాళ్లు చెయ్యగలిగింది చాలా తక్కువ. ఆ సంగతికొస్తే యూరపులోనూ అంతే. పురిటి జ్వరం డాక్టర్ల చేతుల నుంచే తల్లులకు అంటుతోందని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లో చేతులు కడిగించి చూపిస్తే తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. ఆ జ్వరానికి కారణమైన క్రిమిని పారిస్‌లో లూయీ పాశ్చర్ 1879లో చూపించారు. అన్నా కుగ్లర్ గారు ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకున్నది సరిగ్గా ఆ ఏడాదే.

ఆమె పుట్టింది 1856 ఏప్రిల్ 19న, పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో. తండ్రి చార్లెస్, తల్లి హ్యారియెట్. ఆడవాళ్లు డాక్టర్లవడం అమెరికాలో కూడా ఇంకా వింతగా చూస్తున్న రోజులు అవి. చదువు అయ్యాక నోరిస్‌టౌనులో మతి చలించిన ఆడవాళ్ల ఆసుపత్రిలో డాక్టర్ ఆలిస్ బెన్నెట్ గారి దగ్గర సహాయకురాలిగా చేరారు. అక్కడ ఉండగా 1882లో గుంటూరు నుంచి మిషనరీ ఆడం రో గారి ఉత్తరం వచ్చింది. తెలుగు స్త్రీలకు వైద్యం చేసే ఆడ డాక్టరు కావాలని ఆయన విన్నపం. ఆయన అదే సంవత్సరం గుంటూరులోనే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు.

ఈమె సిద్ధపడ్డారు. కానీ పంపించవలసిన స్త్రీల మిషను సంఘం సిద్ధపడలేదు. డాక్టరును పంపే స్థితిలో మేము లేము, ఇళ్లలో స్త్రీలకు బోధించే పనికైతే పంపిస్తాము అన్నారు. పట్టా చేతిలో పెట్టుకున్న డాక్టరును టీచరుగా వెళ్లమన్నారన్నమాట. మనలో ఎవరికైనా ఈ మాట అంటే ఏం చేస్తామో ఊహించుకోండి. సంఘంలో సండే స్కూలు చూసే పని ఇచ్చారని అలిగి నెల రోజులు గుడికి రాని వాళ్లు నాకు తెలుసు. (నేనూ ఒకసారి అలిగాను. ఆ సంగతి మా ఇంటావిడను అడగండి.) కుగ్లర్ గారు సరే అన్నారు. సరే అని మందులు మాత్రం వెంట తెచ్చుకున్నారు. 1883 నవంబరు చివర గుంటూరు చేరారు. అప్పటికి గుంటూరుకు రైలు లేదు.

టీచరుగా వచ్చిన ఆ మొదటి ఏడాదిలోనే ఆమె చూసిన రోగుల లెక్క ఉంది. తన బసకు వచ్చినవాళ్లు 276 మంది, వాళ్ల వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసినవాళ్లు 185 మంది. నేను రెండో అంకె దగ్గర ఆగిపోయాను. వాకిట్లోనుంచి లోపలికి రానివ్వడం అన్నది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పై కులాల ఇళ్లలో తెల్లదొరసాని అయినా అంటరానిదే. ఆమె ముట్టుకున్నది మైల. ఆమె వెళ్లాక ఇల్లు శుద్ధి చేసుకునేవాళ్లు, చెయ్యి తగిలిన గుడ్డలు తడిపేవాళ్లు. నాడి చూడాలంటే చెయ్యి పట్టుకోవాలి గదా. ఆ చెయ్యి పట్టుకున్నందుకు రోగి స్నానం చెయ్యాలి. ఇది తెలిసి కూడా పిలిచిన ప్రతి ఇంటికీ ఆమె వెళ్లారు.

ఆమెను మెడికల్ మిషనరీ అని అధికారికంగా పిలవడానికి 1885 డిసెంబరు దాకా పట్టింది. ఆ మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో ఆమె చదివిన కాలేజీలోనే మన దేశపు ఆనందీబాయి జోషి గారు డాక్టరయ్యారు. పాపం, ఆ అమ్మాయి తిరిగొచ్చి ఒక్క ఇంటి గడప కూడా సరిగా తొక్కకముందే, 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్లయినా నిండకుండా క్షయతో చనిపోయింది. ఆమె బతికి ఉంటే మన స్త్రీల వైద్య చరిత్ర ఇంకో రకంగా ఉండేదేమో.

కుగ్లర్ గారు సెలవు మీద స్వదేశం వెళ్లినప్పుడు గుంటూరు ఆసుపత్రి కోసం చందాలు కూడగట్టి 1891లో తిరిగి వచ్చారు. 1893లో డిస్పెన్సరీ తెరిచారు, 1898 జూన్ 23న ఆసుపత్రి. ఈలోగా నర్సు కేథరీన్ ఫాస్ గారు, డాక్టర్ మేరీ బేయర్ గారు వచ్చి తోడయ్యారు. ఒక ఆడమనిషి వైద్యానికి వచ్చిందంటే వెంట అత్తగారు, ఆడబిడ్డ, చంటిపిల్ల, వంటసామాను అన్నీ వస్తాయి. మన జనం ఇప్పటికీ అంతేగా. వాళ్లలో పై కులాల వాళ్లు మిషను వంట తినరు, మిషను నీళ్లు తాగరు. ఏలూరు రాజా భుజంగరావు గారి ఇంట్లో కుగ్లర్ గారి చేతి మీదుగా కానుపు క్షేమంగా జరిగింది. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రం కట్టించారు. రోగుల బంధువులు తమ కులాచారం ప్రకారం వండుకుని ఉండటానికి.

ఈ సత్రం కథను మన సభల్లో సాక్ష్యంగా చెబుతుంటారు. రాజులే వచ్చారు, ప్రభువు నామం గొప్ప చేశారు అని. నాకు ఆ కథ వింటే సంతోషమూ కలుగుతుంది, మనసులో ఏదో గుచ్చుకుంటుంది కూడా. ఎందుకంటే మన సంఘాల్లో ఎక్కువమంది పూర్వికులు ఆ సత్రంలో కాలు పెట్టగలిగిన వాళ్లు కారు. మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి నడిచి వచ్చినవాళ్లు. వాళ్ల కోసం ఎవరూ సత్రం కట్టలేదు, చెట్టు కింద పొయ్యి పెట్టుకుని ఉంటారు. కుగ్లర్ గారు ఆ సత్రాన్ని అంగీకరించడం తప్పా? నేను చాలా రోజులు తప్పనే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. సత్రం వద్దంటే ఆ ఇళ్ల ఆడవాళ్లు రారు, వెనక గదుల్లోనే చనిపోతారు. రానిచ్చిన తర్వాత బల్ల మీద పడుకోబెట్టి కత్తి పట్టుకునేటప్పుడు మాత్రం అందరికీ అదే చెయ్యి, అదే సబ్బు, అదే నీళ్లు. కులం గోడను ఆమె కూలగొట్టింది అని నేను రాయను. అది ఇంకా నిలిచే ఉంది, మన సమాధుల తోటల్లో కూడా ఉంది.

ఇక ఆమె కుటుంబం. కుగ్లర్ గారు పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఏడేళ్ల వయసులో తల్లిదండ్రుల ఊరు విడిచి వచ్చి, నలభై ఆరేళ్లకు పైగా ఈ తెలుగు నేలకే పరిచర్య చేసి, 1930 జూలై 26న గుంటూరులోనే కన్ను మూశారు. ప్రభుత్వం 1905లో కైజర్-ఇ-హింద్ మెడల్ ఇచ్చింది, 1917లో మరోసారి గౌరవించింది. ఆసుపత్రి కథను ఆమే స్వయంగా పుస్తకంగా రాశారు, 1928లో అచ్చయింది. ఇప్పుడు కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరులో ఆటో అబ్బాయికి కూడా తెలుసు, కుగ్లర్ ఎవరో తెలియకపోవచ్చు.

అయితే ఆమెకు కుటుంబం లేదని అనడానికి నాకు నోరు రాదు. రాత్రి పూట లాంతరు పట్టుకుని ముందు నడిచినవాళ్లు, ఆమె తెలుగు అందని చోట మాట అందించినవాళ్లు, గుడ్డలు ఉడకబెట్టినవాళ్లు, ఏడుస్తున్న అత్తగారిని పట్టుకుని కూర్చున్న బైబిలు స్త్రీలు, తర్వాత నర్సు పని నేర్చుకున్న మన తెలుగు అమ్మాయిలు. కథ చెప్పుకునేటప్పుడు మనం అమెరికా పేర్లు చెప్పి ఊరుకుంటాం. పరాయి దేశపు డాక్టరమ్మ ఒక్కతే తలుపు తడితే ఏ ఇల్లూ తెరిచేది కాదు. పక్కన ఉన్న తెలుగామె మొహం చూసి తెరిచారు. డెల్టా పల్లెల్లో మొదట నర్సులైన ఆడపిల్లలు ఎంతోమంది మన సంఘాల నుంచే వెళ్లారు. పురిటి మైల అంటుకుంటుందని మిగతావాళ్లు పిల్లలను ఆ పనికి పంపని రోజుల్లో మనవాళ్లు వెళ్లారు. అన్నం కోసం వెళ్లారని కొందరు ఎగతాళిగా అంటారు. అన్నం కోసమూ వెళ్లారు. అందులో సిగ్గుపడవలసింది నాకేమీ కనిపించదు.

ఇదంతా ఆ పెద్దమ్మకు మొన్న వాళ్ల అరుగు మీద కూర్చుని చెప్పాను. ఓపిగ్గా విని, "మా అమ్మకు నన్ను పురుడు పోసింది ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన నర్సమ్మేనండీ, సైకిలు మీద వచ్చిందంట" అన్నది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను, ఈ మాట నేనెప్పుడూ అడగలేదు.

అందుచేత ఒక మనవి. వచ్చే ఆదివారం ఆరాధనకు వచ్చేలోపు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: నువ్వు ఎక్కడ పుట్టావు, పురుడు ఎవరు పోశారు అని. మంత్రసాని పేరైనా సరే, నర్సమ్మ పేరైనా సరే, పేరు తెలియకపోతే ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పినా సరే. బాప్తిస్మపు రిజిస్టరులో వెనక చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులో రాసిపెడతాను. పెద్దమ్మది మొదటి పేజీలో రాశాను.

ప్రభువు సేవలో,
మీ కాపరి, కంకిపాడు