కష్టంలో దేవుడు ఎక్కడ? మన రాయవేలూరు కథ

నెమిలిలోగానీ గుడియాత్తంలోగానీ ఎవరికైనా ఒళ్లు బాగాలేకపోతే "రాయవేలూరు సీఎంసీకి తీసుకుపొండి" అంటాం. ఆ ఆస్పత్రి ఎట్లా మొదలైందో మన పిల్లలకూ తెలియాల.

ఐడా స్కడ్డర్ అమ్మ 1870లో రాణిపేటలోనే పుట్టారు. తండ్రి జాన్ మిషన్ డాక్టరు. చదువుకు అమెరికా పోయిన ఐడా, తల్లికి జబ్బని తిండివనం వచ్చారు. మిషన్ పని తనకు వద్దనే మనసుతోనే వచ్చారు. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి ఇళ్లలోనూ కాన్పు కష్టం. ఐడా అప్పటికి డాక్టరు కాదు. మగ డాక్టరును లోపలికి రానిచ్చే ఆచారం ఆ ఇళ్లలో లేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు.

ఇది దేవుడి పిలుపని ఆమె నమ్మారు. 1899లో వైద్యం చదువు ముగించి, 1900లో వేలూరు వచ్చారు. ఆ ఏడే తండ్రి కన్నుమూశారు. పక్కన నిలబడి పని నేర్పేవాళ్లు లేరు. ఉండింది ఒకే మంచం. అయినా రెండేళ్లలో 5,000 మందిని చూశారు. 1902లో షెల్ ఆస్పత్రి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల వచ్చాయి.

పోయిన తల్లులు తిరిగి రాలేదు, తండ్రీ రాలేదు. దేవుడు తోడున్నాడంటే కష్టం రాదని కాదు. కష్టం నడుమ చెయ్యాల్సిన పనికి ధైర్యం దొరుకుతుందని. కాట్పాడిలో రైలు దిగి, రిపోర్టు కోసం బెంగగా కూర్చున్న మనవాళ్ల పక్కన మనం కాసేపు కూర్చుంటే, ఆ తోడు వాళ్లకూ తెలుస్తుంది.