దివాన్ దేవిడీ నుండి మూసీ ఒడ్డుకు: ఒక ఇంటి సొత్తు అందరిదైన చరిత్ర

హైదరాబాదుకు పైవూళ్ళ నుండి చుట్టాలు వస్తే చార్మినార్ తరువాత వాళ్ళు అడిగేది సాలార్‌జంగ్ మ్యూజియం. అది మొదటి నుండీ మూసీ ఒడ్డునే వున్నదనీ, సర్కారువారు సొంతంగా పోగుచేసిన వస్తువులే అందులో వున్నాయనీ చాలామంది అనుకుంటారు. కాని అది ఒక కుటుంబం ఇంట్లో పెరిగి, ఆ ఇల్లు వదిలి, ప్రజల సొత్తు అయిన సంపద. ఆ చరిత్ర మన సొసైటీ సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ కుటుంబంలో మొదటి సాలార్‌జంగ్ నవాబ్ మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853 నుండి 1883లో కన్నుమూసేవరకు ముప్పయి ఏండ్లు నిజాం సంస్థానానికి దివాన్‌గా పనిచేసినారు. 1876లో యూరప్ వెళ్ళినప్పుడు రోము నగరంలో బెంజోనీ అనే శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని కొన్నారు. రాతిలోనే పలుచని ముసుగు, ఆ ముసుగు వెనుక ముఖం కనబడటం చూసి నేటికీ జనం నోరు తెరుచుకొని నిలబడతారు. ఆయన కుమారుడు మీర్ లాయక్ అలీ ఖాన్ రెండవ సాలార్‌జంగ్. ఆయన 1889లో చనిపోయినారు. అదే సంవత్సరం పుట్టిన పసివాడే మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్.

యూసుఫ్ అలీ ఖాన్ 1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దగ్గర దివాన్ అయినారు. రెండేండ్లకే, అంటే 1914లో, ఆ పదవి వదులుకున్నారు. అక్కడి నుండి 1949 మార్చిలో కన్నుమూసేదాకా, ముప్పయి అయిదేండ్లపాటు, ఆయన ధ్యాసంతా కళావస్తువులు, పుస్తకాలు సేకరించటం మీదనే. పెళ్ళి చేసుకోలేదు. జాగీరు ఆదాయంలో పెద్ద భాగం దీనికే పోయిందన్నమాట. చైనా పింగాణీ, ఇరాన్ తివాచీలు, మొగలుల కాలపు పచ్చరాతి కత్తులు, దక్కనీ చిత్రాలు, అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ వ్రాతప్రతులు అన్నీ పత్తర్‌గట్టి దగ్గరి దివాన్ దేవిడీకి చేరుకున్నాయి. ఆ దేవిడీలో ఐనా ఖానా, చీనీ ఖానా అని పేర్లు పెట్టిన భాగాలే వుండేవి.

ఆయన పోయిన తరువాత అసలు చిక్కు వచ్చింది. సంతానం లేదు, హక్కుదారులు చాలామంది. షరియత్ ప్రకారం వారసులకు వాటాలు రావలసిందే, అది ఎవరూ కాదనలేరు. కాని పొలాన్ని పంచినట్లు ఇటువంటి సేకరణను పంచగలమా? ఒకరికి గడియారం, ఒకరికి కత్తి, ఇంకొకరికి కితాబు ఇచ్చి పంపితే పదేండ్లలో సగం బజారు పాలయ్యేది. అట్లా కాకుండా ఎస్టేటు వ్యవహారాలు ఒక కమిటీ చేతికి వచ్చాయి. వస్తువులను ఒక పద్ధతిలో అమర్చటానికి కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ గారి సాయం తీసుకున్నారు. 1951 డిసెంబరు 16న పండిట్ నెహ్రూగారు దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించినారు. తరువాత 1958లో హక్కుదారులు హైకోర్టు ద్వారా రాజీ కుదుర్చుకొని మొత్తం సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చివేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది.

ఇక ఇల్లు మారటం సంగతి. దేవిడీ ఎంత గొప్పదైనా ఒక కుటుంబం బ్రతకటానికి కట్టింది. వేలమంది వచ్చి చూసి పోవటానికి, పాతకాగితం చెమ్మకు పాడుకాకుండా కాపాడటానికి కట్టింది కాదు. అందుకే దారుల్‌షిఫా పక్కన, మూసీ దక్షిణపు ఒడ్డున కొత్త భవనం కట్టించి, 1968లో మ్యూజియాన్ని అక్కడికి మార్చినారు. అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ దాన్ని ప్రారంభించినారు. ఆయన పుట్టింది కూడా హైదరాబాదులోనే. నలభై వేలకు మించిన వస్తువులు, వేలకొద్దీ వ్రాతప్రతులు నేడు అక్కడ వున్నాయి. దివాన్ దేవిడీ మాటకు వస్తే, పాత దర్వాజాలు మిగిలినాయి. లోపల బట్టల హోల్‌సేల్ దుకాణాలు వెలిసినాయి.

ఇంటిని పోగొట్టుకున్నామే అని బాధపడేవారు వున్నారు. ఆ బాధ న్యాయమైనదే. ఇల్లు, వస్తువులు రెండూ నిలిచివుంటే ఎంత బాగుండేది! కాని రెండింటిలో ఒకటే దక్కే పరిస్థితి వస్తే, వస్తువులు దక్కటమే మేలు అని మా అభిప్రాయం. దేవిడీలో వున్నప్పుడు నవాబుగారి అతిథులు మాత్రమే చూసినదాన్ని నేడు రిక్షా తొక్కేవాని కొడుకు కూడా చూడగలుగుతున్నాడు. మా బడి పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు అందరూ గడియారం ముందే కూర్చుంటారు, గంట కొట్టే బొమ్మ ఎప్పుడు బయటికి వస్తుందా అని. కాని వ్రాతప్రతుల దగ్గరికి వచ్చేసరికి మన ఉర్దూ పిల్లలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదువుతారు, పక్కవాళ్ళకు అర్థం చెబుతారు. ఆ అక్షరాలు వాళ్ళకు పరాయివి కావు.

ఇందులో మనకు ఒక పాఠం వున్నది. మనలో నవాబులు లేరు కాని, మన ఇండ్లలో సందుగులు వున్నాయి. తాతల కాలపు సనదులు, నికాహ్‌నామాలు, చేతివ్రాత కితాబులు, యునానీ మందుల బయాజులు వాటిలో పడి చెదలు తింటున్నాయి. ఉర్దూ చదవటం రాని పిల్లలు వాటిని చిత్తుకాగితాలు అనుకొని తూకానికి వేస్తున్నారు. వాటాలు పంచుకునే రోజున రాగి పాత్రలకు వున్న విలువ ఈ కాగితాలకు వుండటం లేదు.

కాబట్టి సభ్యులకు మా మనవి ఇది. ప్రతి కుటుంబం ముందు తన దగ్గర ఏమున్నదో ఒక జాబితా వ్రాయాలి. లెక్క లేని సొత్తు పోయినా పోయినట్లు తెలియదు. చదవరాని కాగితం వుంటే చదవగలిగిన పెద్దలకు చూపించాలి. ఇంట్లో భద్రపరిచే వీలు లేకపోతే, వారసులందరూ కూర్చొని ఒప్పుకొని, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ వంటి చోట అడిగి చూడాలి. సాలార్‌జంగ్ వారసులు పంచుకొని వుంటే ఎవరి వాటా వారికి దక్కేది; ఇచ్చివేయటం వలన అందరికీ దక్కింది. పదిమందికి ఉపయోగపడే విద్యను వదిలివెళ్ళటం కూడా సదఖా జారియానే అని మన పెద్దలు చెప్పనే చెప్పినారు.